పచ్చ చీటీ మందు మీద పడ్డ నింద

మా ఇంట్లో తుపాకి మందు గురించి జరిగినంత వాదన ఎన్నికల గురించి కూడా జరగదు. కంబదూరు పక్క పల్లెలో మాది వాన నమ్ముకున్న మెట్ట సేద్యం. ఏటా శెనక్కాయ వేస్తాం. వాన రాకపోతే ఒక బాధ, వచ్చి పంట నిలబడితే ఇంకో బాధ. ఆ రెండో బాధ అడవిపందులు. గుట్ట దిగి గుంపుగా వస్తాయి. విత్తిన వారంలో సాలు వెంబడి పెళ్లగించి గింజ తింటాయి, కాయ ఊరాక మళ్లీ వస్తాయి. వాటిని బెదరగొట్టడానికి మా మామ దగ్గర పంట కాపలా లైసెన్సు మీద ఒక పాత తుపాకి ఉంది. గొట్టం మూతిలోంచి మందు పోసి, పైన కొబ్బరి పీచు కూరి, ఇనుప కడ్డీతో దట్టించి పేల్చే రకం. గుండ్లు వెయ్యం. పందిని చంపితే కేసవుతుంది, చంపాలని మాకూ లేదు. శబ్దం చేస్తే చాలు, గుట్టెక్కేస్తాయి.

మామ అంటే నాకు రెండు విధాలా మామే. మా అమ్మకు అన్న, నా మొగుడికి నాయన. నా మొగుడు అనంతపురంలో కాలేజీ బస్సు తోలుతాడు, పదిహేను రోజులకోసారి వస్తాడు. సేద్యం నేనూ మామా చూసుకుంటాం. అందుకే లైసెన్సులో మామ పేరు కింద సాయానికి ఇంకో పేరు రాయాల్సి వచ్చినప్పుడు నా పేరే రాయించాడు. ఆఫీసులో గుమాస్తా రెండుసార్లు అడిగాడు, ఆడమనిషి పేరేనా అని. "పందికి ఆడా మొగా తేడా తెలీదు సార్" అన్నాడు మామ. ఆ మాటకు నేను నెల రోజులు ఊరంతా తలెత్తుకుని తిరిగాను.

ఇక మందు సంగతి. అనంతపురంలో లైసెన్సు ఉన్న అంగడిలో మాత్రమే దొరుకుతుంది, కొన్నంతా పుస్తకంలో ఎక్కించి ఇస్తారు. నాలుగు రకాలు వాడిన మనిషి మామ. ఏ మందు ఎలాంటిదో వంటల గురించి చెప్పినట్టు చెబుతాడు. ఒకటి బళ్లారి నుంచి వచ్చేదట, పొట్లం మీద కన్నడ అక్షరాలు. శబ్దం బాగుండేది కానీ పొగ ఎంత వచ్చేదంటే పందులు పోయాయో నిలబడి చూస్తున్నాయో తెలిసేది కాదట. ఇంకొకటి సింహం బొమ్మది. ఆ పేరెత్తితే చాలు, మామకు ఒళ్లు మండేది. నా మొగుడు పాలు తాగే రోజుల్లో ఆ సింహం మందు ఒక్కసారిగా ఉరిమి, తుపాకి మడమ కర్ర రెండుగా చీలి, మామ బొటనవేలి కణుపు వంకరపోయింది. "సంపే మందప్పా అది" అనేవాడు. ఆ తర్వాత ఎర్ర చీటీ అంటించిన డబ్బాకు మారాడు. ఇన్నేళ్లూ అదే. ఎర్ర చీటీ మందు గసగసాలంత సన్నగా ఉంటుంది, శబ్దం గుట్టకు తగిలి తిరిగి వస్తుంది, గొట్టంలో మసి తక్కువ. ఊళ్లో ఎవరడిగినా ఇదే పాట.

మొన్నటి ఎన్నికలప్పుడు, ఎప్పటిలాగే, లైసెన్సు తుపాకులన్నీ స్టేషన్లో అప్పజెప్పమన్నారు. ఎన్నికలు అయిపోయాక రసీదు చూపించి తెచ్చుకున్నాం. అప్పటికి మా డబ్బాలో ఎర్ర చీటీ మందు అడుగంటింది. మామ అనంతపురం పోతే, ఆ రకం రావడం లేదని చెప్పి పచ్చ చీటీది ఇచ్చారు. అది కొంచెం ముతక, రాగిగింజంత ఉంటుంది.

విత్తనం వేశాం. నాలుగో రోజు పొద్దుగూకే వేళ గుంపు దిగింది. మామ పచ్చ చీటీ మందు దట్టించి మీట, అదే తుపాకి గుర్రం, లాగాడు. మందుకు నిప్పు అందించడానికి గొట్టం వెనక పెట్టే రాగి టోపీ టక్కుమంది, అంతే. ఇంకో టోపీ పెట్టాడు. ఈసారి తడి టపాకాయలా తుస్సుమంది. పందులు తల కూడా ఎత్తలేదు. మూడు సాయంత్రాలు ఇదే కథ. ఎకరం పైన మళ్లీ విత్తాల్సి వచ్చింది.

"మందు మంచిది కాదు పాపా. బంకమట్టి కలిపినట్టుండారు" అన్నాడు మామ.

"మందుకేమాయె" అంది అత్త. "మీ మామకు చెయ్యి వణుకుతాండాది. సగం నేలపాలు చేసి సగం పోస్తే పేల్తాదా? పైగా మతిమరుపు. పోసినాడో లేదో ఆయనకే తెలీదు."

మతిమరుపు అన్న మాట అత్త ఊరికే అనలేదు. అందులో నాదీ భాగం ఉంది. మామ మందు పోసి, పీచు కూరి, దట్టించి, అంతా అయ్యాక టోపీ పెట్టే ముందు మళ్లీ ఒకసారి కడ్డీని గొట్టంలోకి జారవిడిచి చూస్తాడు. అప్పుడే తన చేత్తో పోసిన మందును తనే వెతుక్కుంటాడు. నేను కాపురానికి వచ్చినప్పటి నుంచీ చూస్తున్నాను. మొదట్లో నవ్వుకునేదాన్ని. ఆయన వయసు డెబ్బై దాటాక నవ్వు పోయి భయం పట్టుకుంది. ఫోన్లో నా మొగుడికీ, ఇంట్లో అత్తకూ అదే చెప్పాను. తుపాకి ఇచ్చేద్దాం, లైసెన్సు రద్దు చేసుకుందాం, ఏదో ఒక రోజు కళ్లు పోగొట్టుకుంటాడు అని ముగ్గురం ఒక మాట మీదికి వచ్చాం. మామకు చెప్పే పని నా నెత్తిన పడింది.

చెప్పాను. నాకు మాట మెత్తగా చెప్పడం రాదు. అన్నం తింటున్న మనిషి ముద్ద దింపేశాడు.

"సరే" అన్నాడు. "ఒక పని చేద్దాం. డబ్బాలో ఎర్రది ఒక్కసారికి సరిపోను ఉండాది. అది నేను పేలుస్తా. తర్వాత పచ్చది నేనే పేలుస్తా. ఆ తర్వాత అదే పచ్చది నువ్వు పేల్చు. నా చేతిలో పేలకుండా నీ చేతిలో పేలిందనుకో, తప్పు నాదే. తుపాకి తీసకపోయి స్టేషన్లో పెట్టేసొస్తా. మళ్లీ అడగను."

అది ఆయనకు ఎంత పెద్ద పందెమో నాకు తెలుసు. ఆ తుపాకి లేకపోతే మామ సాయంత్రాలు చేసే పని ఉండదు. నడుము పట్టేసి నాగలి వదిలాడు, కళ్లు మసకబారి మోటరుసైకిలు వదిలాడు. చేను కాపలా ఒక్కటే ఇంకా ఆయనది. అయినా నాకు గెలవాలనే ఉండింది. ఆయన మేలు కోరే అనుకున్నాను. కొంచెం పంతం కూడా ఉండింది, దాచడమెందుకు.

మర్నాడు పొద్దున తొమ్మిది గంటలకు గుట్ట కిందున్న మా బీడుకు పోయాం. న్యాయం చెప్పడానికి పక్క చేను ఆయన్ను పిలిచాం. గుంతకల్లులో రైల్వేలో పనిచేసి రిటైరై వచ్చి, ఇప్పుడు సేద్యం చేసుకుంటున్నాడు. పట్టాల మీద హెచ్చరికకు పెట్టే పటాసుల శబ్దం ఎంత దూరం పోతుందో చెప్పగల చెవి తనదని ఆయన నమ్మకం. ఆయన చేసిన మొదటి పని ఒక పెంకు మీద రెండు రకాలూ చిటికెడు చిటికెడు పెట్టి దూరంగా నిలబడి అంటించడం. రెండూ భగ్గుమన్నాయి. పెంకు మీద మిగిలిన మసిని వేలితో రాసి, వాసన చూసి, "పెద్ద తేడా ల్యాదే అన్నా" అన్నాడు. మామకు ఆ మాట నచ్చలేదు. పెంకు మీద ఏ మందైనా కాలుతుంది, గొట్టంలో తెలుస్తుంది దాని బతుకు అన్నాడు.

రైల్వే ఆయన శబ్దం వినడానికి, బాగా వినబడితే తువ్వాలు ఎత్తడానికి, దూరంగా కంప దగ్గరికి పోయాడు. మామ ఎర్ర చీటీ మందు పోశాడు. చెయ్యి కొంచెం వణికింది కానీ ఒక్క గింజ కూడా కింద పడలేదు. నేను పక్కనే గద్దలా చూస్తున్నాను కాబట్టి చెప్పగలను. దట్టించాడు, అలవాటు ప్రకారం కడ్డీ జారవిడిచి చూశాడు, టోపీ పెట్టి గుట్ట వైపు పేల్చాడు. శబ్దం బాగానే వచ్చింది. కంప దగ్గర తువ్వాలు పైకి లేచింది.

గొట్టం తుడిచి పచ్చది పోశాడు. టోపీ టక్కుమంది. మామ తుపాకి దించకుండా గుట్ట వైపే పట్టుకుని చాలాసేపు నిలబడ్డాడు, ఆలస్యంగా అంటుకుంటుందేమోనని. ఏమీ కాలేదు. రెండో టోపీకి తుస్సుమని కొంచెం పొగ వచ్చింది. తువ్వాలు లేవలేదు. మామ గొట్టంలో మిగిలిన పీచూ మందూ లాగేసి, మళ్లీ తుడిచి తుపాకి నా చేతికిచ్చాడు. ఆ ముఖంలో గెలిచిన సంతోషం లేదు. ఇంకా నా వంతు మిగిలి ఉంది కదా.

"నువ్వట్లా నిలబడి చూస్తే నాకు చెయ్యి ఆడదు మామా. ఆయన దగ్గరికి పో" అన్నాను. పోయాడు.

మందు కొలిచి పోశాను. పీచు కూరి దట్టించాను. అంతలో నడుముకు చెక్కుకున్న ఫోన్ మోగింది. నా మొగుడు. పరీక్ష గురించి అత్త చెప్పినట్టుంది. "ఏందే ఇది, మీ ఇద్దరికీ పిచ్చా? ఎవురైనా వీడియో తీస్తే నా ఉద్యోగం ఏం గావాల?" అని మొదలుపెట్టాడు. ఒళ్లు మండిపోయింది. తుపాకిని రాతికి ఆనించి, ఇటు తిరిగి, విత్తనం పెళ్లగిస్తే మళ్లీ విత్తింది ఎవరో, పదిహేను రోజులకోసారి వచ్చి కోడికూర తినిపోయేది ఎవరో వివరంగా చెప్పాను. ఫోన్ పెట్టేసరికి చెవులు వేడెక్కాయి. అదే ఊపులో వచ్చి తుపాకి అందుకున్నాను. మందు కొలిచి పోశాను. పీచు కూరి దట్టించాను. అప్పటికే ఒకసారి ఆ పని చేశానన్న సంగతి నా బుర్రలో ఏ మూలా లేదు. కొంచెం గట్టిగా ఉన్నట్టు అనిపించింది, పీచు ఎక్కువైందేమో అనుకున్నాను.

మామను పిలిచాను. ఆయన వచ్చాడు. నేను టోపీ పెట్టబోతుంటే, "ఆగు, కడ్డీ ఇట్లా ఇయ్యి" అన్నాడు.

"మళ్లా మొదలుపెట్టినావా మామా. ఇప్పుడే గదా పోసింది. నేనేమన్నా నీలాగా మర్చిపోతానా?"

అవును, ఆ మాటే అన్నాను. ఇప్పటికీ తలుచుకుంటే ముఖం దాచుకోవాలనిపిస్తుంది.

మామ కడ్డీ తీసుకుని గొట్టంలోకి జారవిడిచాడు. ఆ కడ్డీ మీద కత్తితో గీసిన గాటు ఉంటుంది. మందు సరిగ్గా పోస్తే ఆ గాటు గొట్టం మూతి దగ్గరే నిలబడుతుంది. ఆ రోజు మూతికి నాలుగు వేళ్ల పైన నిలబడింది. మామ కడ్డీ తీసి మళ్లీ జారవిడిచాడు. మళ్లీ అక్కడే.

"ఎన్నిసార్లు పోసినావు పాపా?"

నాకు మొదటిసారి దట్టించిన చప్పుడు, ఫోన్ మోత, నా మొగుడి గొంతు, అన్నీ వరసగా గుర్తొచ్చాయి. తాతల నాటి గొట్టం అది. టోపీ పెట్టి, చెంప ఆనించి, గుర్రం లాగి ఉంటే ఏమయ్యేదో ఎవరూ చెప్పక్కర్లేదు. అక్కడే కంకరలో కూలబడ్డాను.

మామ కేకలు వేయలేదు. తుపాకి మూతి గుట్ట వైపు పెట్టి, సీసాలో ఉన్న నీళ్లన్నీ గొట్టంలోకి వంచాడు. రైల్వే ఆయన పరుగున వచ్చి సంగతి విని, "దేవుడు సల్లగా సూసినాడమ్మా" అని నా పక్కన కూర్చున్నాడు. మామ కడ్డీ కొసకు మరమేకు బిగించి, నానిన పీచు ముక్క ముక్కగా లాగి, మందు కడిగేసి, గొట్టం వెనక టోపీ పెట్టే ముక్కును విప్పాడు. లోపలికి పుల్ల పెట్టి గీరితే నల్లటి బంక వచ్చింది. చింతపండు గుజ్జంత చిక్కన. వాసన చూశాడు.

"ఇది ఆముదం. స్టేషన్లో పెట్టేటప్పుడు దీనికి నూనె రాసింది ఎవరు?"

ఎవరు రాస్తారు. అప్పుడు మామకు జ్వరం. తుపాకి తుడిచి అప్పజెప్పింది నేనే. నెలల తరబడి పడి ఉంటుంది, తుప్పు పట్టకూడదని పసిబిడ్డ మాడుకు పట్టించినట్టు ఆముదం దండిగా పోశాను. మామ అయితే గుడ్డకు నాలుగు చుక్కల కొబ్బరినూనె అద్ది తుడుస్తాడు. నా ఆముదం నిప్పు పోయే సన్నటి దారిలోకి దిగి, దుమ్ముతో కలిసి గట్టిపడింది. ఎర్ర చీటీ మందు సన్నం కాబట్టి మిగిలిన ఆ కాస్త సందులో దూరి అంటుకుంది. పచ్చ చీటీది ముతక కాబట్టి దూరలేకపోయింది. మందులో బంకమట్టి లేదు. మామ చేతిలోనూ ఏ లోపం లేదు. మూడు సాయంత్రాలు పందులకు విత్తనం పెట్టింది నేను.

ఒప్పుకున్నాను. ఆముదం సంగతీ ఒప్పుకున్నాను, ఆయనకు మతిమరుపని ఇంట్లో అందరికీ చెప్పింది నేనేననీ ఒప్పుకున్నాను. లైసెన్సులోంచి నా పేరు తీసేయించమన్నాను.

మామ విప్పిన ముక్కును గుడ్డతో తుడుస్తూ ఉన్నాడు. "సింహం మందు అంటా ఉంటి చూడు" అన్నాడు తలెత్తకుండా. "ఆ మందు మంచిదే. ఆ పొద్దు పందులు మీదికొస్తాండాయని తొందరలో రెండుసార్లు పోసినా. కర్ర చీలె, ఏలు ఇరిగె. సిగ్గై మందు మీద పెట్టినా. అప్పటి నుంచే ఈ కడ్డీ వేసి చూసేది. నీ పేరు తీసేస్తే నా పేరు అంతకు ముందే తీసెయ్యాల గదా."

రైల్వే ఆయన నోరు తెరుచుకుని చూశాడు. రిటైరై వచ్చినప్పటి నుంచీ ఊళ్లో ఎవరికైనా సింహం మందు వద్దని సలహా ఇచ్చిన వాళ్లలో ఆయన కూడా ఒకడు.

గొట్టం వేడి నీళ్లతో కడిగి, ఎండలో పెట్టి, ఎముకలా ఆరాక మామ పచ్చ చీటీ మందే పోశాడు. పీచు కూరి, దట్టించి, కడ్డీ జారవిడిచి, గాటు మూతి దగ్గర నిలబడిందని నాకు చూపించి, టోపీ పెట్టాడు. పేల్చాడు. ఆ శబ్దం గుట్టకు తగిలి తిరిగొచ్చి, వంక దాటి ఎటో పోయింది. కంపలో కౌజు పిట్టలు లేచాయి. నాకు ఏడుపొచ్చింది. నిజంగా ఏడ్చాను, చెంగుతో ముక్కు తుడుచుకుంటూ. అంత హాయిగా ఏడ్చి ఎన్నేళ్లయిందో.

"గెలిస్తివి గదన్నా" అన్నాడు రైల్వే ఆయన, ఫ్లాస్కులోంచి టీ పోసి ఇస్తూ. "ఎర్రదీ పచ్చదీ రెండూ ఒకటే. తుపాకి నీ దగ్గరే ఉండనీ."

మామ గ్లాసు అందుకోబోయాడు. పట్టుకోలేకపోయాడు. చెయ్యి అంతలా వణుకుతోంది. పొద్దుటి వణుకు కాదది. మోచేతి దాకా పాకింది. టీ ఒలికి పంచె మీద పడింది. రెండు చేతులూ ఒళ్లో పెట్టుకుని అదిమి పట్టుకున్నాడు.

"గెలిచేదేముండాదప్పా" అన్నాడు. "పాప తన మొగం ఆ గొట్టం పక్కనే గదా పెట్టేది."

రైల్వే ఆయన ఫ్లాస్కు మూత బిగించాడు. ఎండ ముదిరింది. నేను తుపాకి భుజాన వేసుకున్నాను, మామ నా వెనక నడిచాడు.

ఇంటి దగ్గర అత్త గడపలోనే నిలబడి ఉంది. "ఏమాయె? ఇచ్చేస్తాండారా?" అని అడిగింది. మామ ఏమీ చెప్పకుండా కాళ్లు కడుక్కోవడానికి పక్కకు పోయాడు. నా తప్పును దాచి పెట్టే ఉద్దేశంతోనే అలా పోయాడని నాకు అర్థమైంది. నేను దాచలేదు. "ఇయ్యము అత్తా, తుపాకి మామ దగ్గరే ఉండాల" అని మొదలుపెట్టి, ఆముదం నుంచి రెండోసారి పోసిన మందు దాకా మొత్తం చెప్పేశాను. తిడుతుందనుకుని తల వంచుకుని నిలబడ్డాను.

అత్త తిట్టలేదు. దగ్గరికొచ్చి నా గడ్డం పట్టుకుని ముఖం వెలుతురు వైపు తిప్పింది. కుడి చెంప చూసింది, ఎడమ చెంప చూసింది, రెండు కళ్లూ బొటనవేలితో తడిమింది. "ఏమీ కాలేదు అత్తా, పేల్చనేలేదు" అని చెబుతూనే ఉన్నాను. విన్నానని తలూపి, మళ్లీ మొదటి నుంచి తడిమింది.